సదరం క్యాంపు దండగ, మేకప్‌మన్ ఉండగా!

మన పిల్లాడికి మేధో వైకల్యం ఉందని సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే సదరం క్యాంపుకి స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆధార్ జిరాక్సు పట్టుకుని, పిల్లాణ్ణి ఊరడించుకుంటూ లైన్లో నిలబడాలి. ఐక్యూ పరీక్ష చేసి ఎంత శాతమో తేలుస్తారు. కనీసం 40 శాతం ఉంటేనే లెక్కలోకి వస్తాడు. ప్రభుత్వాలు ఇంత ప్రయాస ఎందుకు పడుతున్నాయో నాకు బోధపడదు. ఇదే పనిని మన కామెడీ సినిమా రెండు నిమిషాల్లో, పైసా ఫీజు లేకుండా చేసేస్తోంది కదా!

పద్ధతి పరమ శాస్త్రీయం. తలకి జిడ్డోడేలా నూనె, మధ్య పాపిడి. నిక్కరు బొడ్డు పైకి. చొక్కాకి మెడ దాకా గుండీలు. మాట కొంచెం ముద్దగా రావాలి. చేతిలో లాలీపాప్ ఉంటే 75 శాతం. చొంగ కూడా కారిందా, నూటికి నూరు, ఇక రీచెక్ అక్కర్లేదు. చివర్లో హీరోగారు నెత్తిన ఒక్కటిచ్చి "ఒరేయ్ మెంటలోడా" అంటారు. సంతకం, సీలు రెండూ అదే.

పెద్దాసుపత్రికి రాసే ఏర్పాటూ ఉంది. హైదరాబాద్ కథైతే ఎర్రగడ్డ, విశాఖ కథైతే చినవాల్తేరు. అవి మానసిక జబ్బులకి వైద్యం చేసే ఆసుపత్రులనీ, బుద్ధి నెమ్మదిగా ఎదగడం అసలు జబ్బే కాదనీ డైలాగు రైటరుకి చెప్పకండి, పాపం పంచ్ పోతుంది. 1984 నుంచీ సికింద్రాబాద్‌లో, బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఈ పిల్లల కోసమే ఓ జాతీయ సంస్థ ఉంది. ఫిల్మ్‌నగర్ నుంచి కారెక్కితే ఎంతసేపని! కానీ అక్కడ పిల్లలకి తమ పనులు తాము చేసుకోవడం నేర్పుతారు. అందులో కామెడీ ఏముంది, వెళ్లడానికి?

చట్టాలకేం, దండిగా ఉన్నాయి. వికలాంగుల్ని సినిమాల్లో ఎగతాళి చేయకూడదని సెన్సారు నిబంధనలు 1991లోనే చెప్పాయి. నలుగురి ముందూ కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షన్ అంటోంది. వైకల్యాన్ని అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు, మనిషిని చిన్నబుచ్చే హాస్యం వేరు అని 2024 జూలైలో సుప్రీంకోర్టు కూడా విడమర్చింది. మనవాళ్లు రెండో రకంలో స్పెషలైజేషన్ చేశారు.

అసలు అదృష్టమంటే కోడిపుంజుది. తెర మీదికి రావాలంటే దానికి జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. దాని ఈక కూడా ఊడలేదని సినిమా మొదట్లోనే మనకి హామీ ఇస్తారు. కాబట్టి బోర్డువారికి నాదో విన్నపం: ఈ పిల్లల్ని కూడా కోడిపుంజుల పక్కన ఎక్కడో ఓ మూల చేర్చుకోండి. మనుషుల జాబితాలో ఉండి వీళ్లు బావుకున్నదేం లేదు.

మొన్న ఓ సినిమాకెళ్తే నా ముందు వరసలో ఓ తల్లి, పాతికేళ్ల కొడుకు కూర్చున్నారు. చొంగ సీను రాగానే హాలంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆ అబ్బాయే. చప్పట్లు కూడా కొట్టాడు. నలుగురూ నవ్వుతుంటే మనమూ నవ్వాలని ఎవరో నేర్పే ఉంటారు. ఇంటర్వెల్లో లైట్లు వెలిగాయి. ఆవిడ లేస్తూ ఓసారి చుట్టూ చూసింది. తర్వాత కొడుకు చొక్కా పై గుండీ విప్పి, కాలర్ సర్ది, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది.