మన డబ్బుతో బడిలో గడ్డి మందు కొనొద్దు

మొన్న సంక్రాంతికి అమెరికా నుంచి ఊరెళ్లాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి పక్కన. మన సంఘం చందాలతో హైస్కూలుకి ప్రహరీ కట్టించి మొక్కలు వేయించాం కదా, ఫొటోలు తీద్దామని పొద్దున్నే వెళ్లాను. మైదానం సగం మాడిన అట్టులా ఎర్రబారి ఉంది. గోడ వారన ఒకాయన వీపున ట్యాంకు తగిలించుకుని మందు కొడుతున్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. మూత సరిగ్గా బిగుసుకోక మందునీళ్లు వీపు మీదుగా కారి లుంగీ తడిసిపోయింది. ఏం మందని అడిగితే "గడ్డి మందు బావూ" అన్నాడు. సీసా చూస్తే గ్లైఫోసేట్ అనే కలుపు మందు.

కాస్త అవతల ఒకామె గలిజేరు ఆకు కోసి ఒడిలో వేసుకుంటోంది. ఈ మందు కొట్టిన ఆకు వెంటనే మాడదు, నాలుగైదు రోజులు పచ్చగానే కనిపిస్తుంది. పారబోయమని చెప్పాను. "నిన్న కోసింది వండీసినాం బాబూ" అంది.

ఆ మందు కొన్నది మన డబ్బుతోనే.

ఇక్కడ అమెరికాలో మన వీధిలో లాన్‌కి మందు కొడితే చిన్న జెండా పాతి, ఆరేదాకా పిల్లల్ని రానివ్వొద్దంటారు. డ్వేన్ జాన్సన్ గుర్తున్నాడా? కాలిఫోర్నియాలో బడి మైదానాలు చూసుకునే ఉద్యోగి. ఇదే మందు కొట్టేవాడు. ఒకసారి గొట్టం ఊడి ఒళ్లంతా తడిసింది. తర్వాత లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. 2018 ఆగస్టులో జ్యూరీ మందు కంపెనీని 28.9 కోట్ల డాలర్లు ఇవ్వమంది. పై కోర్టులో అది 2.05 కోట్లకు తగ్గినా తీర్పు నిలిచింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో గ్లైఫోసేట్‌ని 'బహుశా క్యాన్సర్ కారకం' అంది. అమెరికా పర్యావరణ సంస్థ ఒప్పుకోలేదు, తయారుచేసే బేయర్ కంపెనీ అసలే ఒప్పుకోదు. అయినా ఇక్కడి ఇళ్ల లాన్లకు అమ్మే రౌండప్ అనే తన గడ్డి మందులో 2023 నుంచి గ్లైఫోసేట్ మానేస్తామని ఆ కంపెనీయే ప్రకటించింది, కేసుల బెడద తప్పించుకోవడానికేనని కూడా చెప్పింది. మన ఊళ్లో కేసు వేసేవాడెవడు? శాస్త్రవేత్తల వాదన తేలేదాకా ట్యాంకు మోసేది మాత్రం మనవాడి వీపే. 2022 అక్టోబరులో కేంద్రం ఈ మందుని లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలని నోటిఫికేషన్ ఇచ్చింది. బడిలో కొడుతున్న ఆయన రోజుకూలి.

నాకు ఇంకా భయం వేసింది 'గడ్డి మందు' అన్న ఆ పేరు విని. మన కొట్లలో పారాక్వాట్ అనే ఇంకో కలుపు మందునీ గడ్డి మందు అనే అడుగుతారు. అది ఒక్క గుక్క గొంతు దిగితే చాలు, ఊపిరితిత్తులు పాడైపోతాయి, విరుగుడు లేదు. యూరప్‌లో 2007 నుంచి అమ్మనివ్వడం లేదు. ఈసారి గ్లైఫోసేట్ తెచ్చారు, వచ్చేసారి ఏ సీసా తెస్తారో. మిగిలిన మందు పెట్టింది మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలున్న గదిలోనే.

ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు. దాన్ని ఈ మందు మీదకి నేను తోయడం లేదు. కానీ నేలలో నీళ్లు తాగాలంటే భయపడి, హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాల్లో వంశధార నీళ్లు తెప్పించుకుంటున్న చోట, కాస్త గడ్డి కోసం ఇంకో విషం చల్లుతామా? బడి వెనకే చెరువు. వాన పడితే మైదానం నీళ్లన్నీ అందులోకే. మందు ఆకుకి అంటుకోవడానికి కలిపే జిగురు సరుకుల్లో కొన్నింటికి చేపలు, కప్పపిల్లలు చచ్చిపోతాయి.

హెడ్‌మాస్టరు గారిని అడిగాను. "చెక్కించడానికి కూలీలు కావాలండి. మీరు పంపేది రెండు రోజుల కూలికి కూడా చాలదు" అన్నారు. ఆయన్ని ఏమనగలను? గోడకి బోలెడు ఖర్చుపెట్టి, దాని మీద మన పేర్లు రాయించుకుని, గడ్డి చెక్కేవాళ్ల కూలి మాత్రం లెక్కెయ్యలేదు మనం.

వచ్చే సమావేశంలో నేను ఒక తీర్మానం పెడుతున్నాను. మనం డబ్బిచ్చే బడి, శ్మశానం, చెరువు గట్టు, ఎక్కడా గడ్డి మందు కొనకూడదని రాసివ్వాలి. ఏడాదికి మూడుసార్లు పారలతో చెక్కించే కూలి విడిగా పంపాలి. జూన్‌లో బడులు తెరిచేసరికి తొలకరికి గడ్డి మళ్లీ లేస్తుంది, మే నెలాఖరుకే డబ్బు చేరాలి.