సవరణ: ర్యాంపు మీద ఆటోమేటిక్ కారు, హ్యాండ్ బ్రేక్

"ఆటోమేటిక్ కారుని ర్యాంపు మీద ఆపితే పీ (పార్కింగ్ గేరు) చాలు, హ్యాండ్ బ్రేక్ అక్కర్లేదు. వైజాగ్ ఉప్పుగాలికి అది ఎలాగూ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది" అని పోయిన వారం రాశాను. అది తప్పు. కారుతో వచ్చిన మాన్యువల్ ఇప్పుడు తీరిగ్గా చదివాను, మెకానిక్‌నీ అడిగాను. ఇద్దరిదీ ఒకటే మాట.

పీలో పెట్టినప్పుడు గేర్‌బాక్సులో ఒక చిన్న ఇనుప కొక్కెం పళ్లచక్రంలో పడి కారుని ఆపుతుంది. వాలులో హ్యాండ్ బ్రేక్ లేకపోతే బండి బరువంతా ఆ కొక్కెం మీదే. పొద్దున్న పీ నుంచి తీస్తుంటే 'టక్'మని మోగేది అందుకే. మా సీతమ్మధార ఇంటి ర్యాంపు మీద రోజూ వింటూ, అది మామూలేననుకున్నాను!

సరైన వరస ఇది. కాలి బ్రేకు నొక్కి ఉంచి న్యూట్రల్‌లోకి తెచ్చి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగాలి. కాలు మెల్లగా వదిలితే బండి కాస్త కదిలి ఆ బ్రేకు మీద నిలుస్తుంది. మళ్లీ కాలు నొక్కి అప్పుడు పీ. బయల్దేరేటప్పుడు కాలి బ్రేకు మీద ఉండగానే ముందు పీ నుంచి తీసి, తర్వాత హ్యాండ్ బ్రేక్ దించాలి.

లాగే హ్యాండ్ బ్రేక్ బదులు బటన్‌తో పనిచేసే బ్రేకు ఉన్నా వరస ఇదే. చాలా ఏఎంటీ కార్లకి (మాన్యువల్ గేర్‌బాక్సే ఉండి, క్లచ్చు, గేర్లు వాటంతటవే మారేవి) అసలు పీ ఉండదు. వాటిని గేరులోనే ఉంచి ఇంజన్ ఆపాలి, హ్యాండ్ బ్రేక్ తప్పనిసరి.

ఉప్పుగాలి సంగతి మాత్రం వెనక్కి తీసుకోను. హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పు పడుతుంది, సర్వీసింగ్‌లో చూపించండి.