ఎర్ర దీపం మీద వెంకన్న స్టిక్కరు

డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగితే దాన్ని ఆర్పడమే తక్షణ కర్తవ్యమని కడపలో పాత కార్ల యజమానులందరిదీ ఒకటే మాట. పార్టీలు వేరైనా ఈ ఒక్క విషయంలో భేదం లేదు. సున్నాలో ఆశ్చర్యార్థకం పెట్టిన ఆ గుర్తు బ్రేకుల గురించి ఏదో చెబుతోందని అందరికీ తెలుసు. ఏం చెబుతోందన్నది తర్వాత సంగతి, ముందు దాని నోరు మూయించాలి. తొందరలో ఉంటే నల్ల టేపు. కాస్త తీరికా భక్తీ ఉంటే, సరిగ్గా దీపం మీద కూర్చునేట్టు దేవుని కడప వెంకన్న స్టిక్కరు. టేపు పీకే మెకానిక్కులున్నారు గాని స్వామిని పీకే మెకానిక్కు ఇంకా పుట్టలేదు.

బండి అమ్మేవాళ్లది మరింత శాశ్వత పరిష్కారం: బల్బే తీసేస్తారు. కాబట్టి సెకండ్‌హ్యాండ్ కారు బేరానికి పోయినవాళ్లు టైరును తన్నడం, డోరు దబ్బున వేసి శబ్దం వినడం లాంటి శాస్త్రోక్త పరీక్షలన్నీ ముగించాక, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను వేయకుండా తాళం ఆన్ దాకా తిప్పి చూడాలి. ఎర్ర దీపం వెలగాలి. ఇంజను వేసి హ్యాండ్ బ్రేకు దించితే ఆరాలి. అసలు వెలగని దీపాన్ని చూసి "బండి సూపర్ కండిషనప్పా" అని అడ్వాన్సు చేతిలో పెట్టేవాళ్ల దయ వల్లే పాత కార్లమ్మే కొన్ని కన్సల్టెన్సీలు బతుకుతున్నాయి.

దీపం ఆరడం లేదనుకుందాం. దించిన లివరును చేత్తో ఇంకాస్త కిందికి నొక్కండి. ఆరిందంటే తప్పు లివరు మొదట్లో ఉన్న స్విచ్చుది. వంగి ఉంటుంది, లేదా దుమ్ములో కూరుకుపోయి ఉంటుంది. అది కాకపోతే బానెట్ ఎత్తాలి.

మన వైద్యం అసలు ప్రతిభ ఇక్కడే బయటపడుతుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం మిన్ గీత కిందికి పోయి ఉంటుంది. లోపల తేలుతుండే బెండు కిందికి దిగి స్విచ్చును కలిపింది, దీపం వెలిగింది. వెంటనే ఒక సీసా తెచ్చి మ్యాక్స్ దాకా పోస్తారు. దీపం ఆరుతుంది. అందరూ టీ తాగుతారు. టేపు వేసినవాణ్ణి తిట్టే పెద్దమనుషులు కూడా ఈ పని నిస్సంకోచంగా చేస్తారు. ఇదీ స్టిక్కరే, కాకపోతే సీసాలో వస్తుంది.

ఎందుకంటే బ్రేక్ ఆయిల్ పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. మట్టం తగ్గిందంటే చక్రం పళ్లేన్ని పట్టి ఆపే ప్యాడ్లన్నా అరిగాయి, ఎక్కడో కారుతూ అన్నా ఉంది. ప్యాడు అరిగేకొద్దీ దాన్ని నెట్టే క్యాలిపర్ పిస్టను ముందుకొస్తుంది, దాని వెనక ఖాళీలోకి డబ్బాలోని ఆయిల్ దిగుతుంది. కొత్తప్పుడు సుమారు 10 మిల్లీమీటర్లుండే ప్యాడు 3కి వచ్చిందంటే మార్చాల్సిందే. అప్పటికే మ్యాక్స్ దాకా పోసి ఉంటే, కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్లను వెనక్కి నెట్టగానే డబ్బా పొంగుతుంది. ఆ ఆయిల్ పడిన చోటల్లా పెయింటు లేచిపోతుంది. పాపం, దీపం ముందే చిన్నగా చెప్పి చూస్తుంది: మలుపులోనో, సడన్ బ్రేకు కొట్టినప్పుడో వెలిగి ఆరుతుంది. "వైరింగ్ లూజు" అని తేల్చేయడం ఆనవాయితీ.

ప్యాడ్లు బాగానే ఉంటే కారేచోటు వెతకాలి. వెనక చక్రం లోపలివైపు తడి కనిపిస్తే డ్రమ్ము విప్పి, లోపల బ్రేక్ షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తి చూడాలి. తడిసిన బ్రేక్ షూలను పెట్రోలుతో కడిగి, ఎండబెట్టి, మళ్లీ బిగించడం మనకు వెన్నతో పెట్టిన విద్య. అలా కాదు, తడిసిన వైపే కాకుండా రెండు వైపులా కొత్తవి వేయాలి. బయట చుక్క తడి లేకుండానే మట్టం తగ్గుతోందా? పెడలు నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోయి, ఆయిల్ పెడలుకు బలమిచ్చే బూస్టర్లోకి దిగుతుండొచ్చు. ఇంజను నడుస్తుండగా పెడలు నొక్కి అరనిమిషం పట్టుకోండి. కాలి కింద మెల్లగా దిగిపోతుంటే ఇక బండి కదలకూడదు, మెకానిక్కే బండి దగ్గరికి రావాలి. మట్టం సరిగ్గా ఉండి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పసుపు దీపం కూడా తోడైతే జోస్యాలు మాని స్కానర్ పెట్టించాలి.

ఇంత మాట్లాడే దీపం ఒక విషయంలో మాత్రం నోరెత్తదు. అది మట్టం చూస్తుంది గాని వయసు చూడదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 దగ్గరే మరిగిపోవచ్చు. రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాటులో పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ వేసి, పెడలు మీద కాలు తీయకుండా దిగే ఆర్థికవేత్తలకు ఈ అంకె పనికొస్తుంది. ఆయిల్ మరిగితే గొట్టాల్లో బుడగలు, పెడలు దూది. దీపం మాత్రం నిశ్చింతగా ఆరే ఉంటుంది. రెండో గేరులో దిగితే సగం భారం ఇంజనే మోస్తుంది.

బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు ప్రతి శనివారం మారతాయి. బ్రేక్ ఆయిల్ అడిగేది రెండేళ్లకోసారి, అదీ డబ్బా మూత మీద రాసున్న రకం. మిగిలిన ఇంజనాయిల్ ఉంది కదా అని పోస్తే సీళ్లన్నీ ఉబ్బి, మాస్టర్ సిలిండర్ నుంచి వెనక చక్రం దాకా రబ్బరు ముక్క మిగలదు.

స్టిక్కరు వద్దని ఎవరూ అనడం లేదు. డాష్‌బోర్డు పైన, అద్దం దగ్గర బోలెడు చోటుంది. అక్కడినుంచైతే స్వామికి రోడ్డు కూడా కనిపిస్తుంది.