పంచాయతీకేం పని అనేవాళ్ళకి

తుపానో వరదో వచ్చి వెళ్ళిన ప్రతిసారీ మన గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన తిరుగుతుంది. మాటలు కాస్త అటూ ఇటూ అయినా సారం ఒకటే. విపత్తులతో పంచాయతీకి సంబంధం లేదు, అదంతా కలెక్టరు, కేంద్ర విపత్తు దళం ఎన్డీఆర్ఎఫ్ చూసుకుంటారు. సర్పంచికి అధికారం లేదు, డబ్బు అంతకన్నా లేదు. ఎలాగూ ప్రతి ఫోనుకీ తెలుగులోనే హెచ్చరిక వస్తోంది కాబట్టి టముకు వేయించడాలు, గ్రామసభలు దండగ. బయటి రాష్ట్రాల కూలీల సంగతి వాళ్ళ కంట్రాక్టర్లు చూసుకోవాలి. అయినా 86 వరద చూసినవాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది! దీని కింద వరసపెట్టి దండం బొమ్మలు పడుతుంటాయి. నాకు మాత్రం దండం పెట్టబుద్ధి కాలేదు.

ముందు చట్టం సంగతి చూద్దాం, అది తొందరగా తేలిపోతుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో స్థానిక సంస్థ అంటే పంచాయతీరాజ్ సంస్థలు కూడా అని నిర్వచనంలోనే ఉంది. ఆ సంస్థలు ఏం చేయాలో 41వ సెక్షన్ చెబుతుంది. సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి, అవసరానికి పనికొచ్చే సామగ్రి ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి, తమ పరిధిలో కట్టేవి నిబంధనల ప్రకారం కట్టేలా చూడాలి, సహాయ పనులు చేయాలి. 2022లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ తెచ్చిన విపత్తు ప్రణాళిక కూడా ఊరి స్థాయి దాకా దిగి మాట్లాడింది. అధికారం లేదన్న మాటలో నిజం లేకపోలేదు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ గేట్లు ఎత్తేది జలవనరుల శాఖ, ఊళ్ళు ఖాళీ చేయించమని ఆర్డరు వేసేది కలెక్టరు. ఆ రెండూ సర్పంచి చేతిలో లేవు. కానీ ఆర్డరు వచ్చాక ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలాయన ఉన్నాడు, ఏ పిల్లకి నెలలు నిండాయి, ఎవరి పడవ ఇంజను సరిగ్గా పనిచేస్తోంది, తుపాను షెల్టరు తాళంచెవి ఎవరింట్లో ఉంది? ఇవి కలెక్టరాఫీసులో ఏ ఫైల్లోనూ దొరకవు. వార్డు మెంబరుని అడిగితే నిలబడ్డచోటే చెబుతాడు.

86 చూశాం అనేవాళ్ళంటే నాకు గౌరవమే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వెళ్ళాయి, ఆ లెక్క మళ్ళీ రాలేదు. అయితే అప్పుడు పాతికేళ్ళ కుర్రాడికి ఇప్పుడు అరవై దాటాయి. ఆ తర్వాత కోడళ్ళుగా వచ్చినవాళ్ళు, పుట్టినవాళ్ళు, ఇల్లు కట్టుకున్నవాళ్ళే ఇవాళ ఊళ్ళో ఎక్కువ. పైగా వరద అనుభవం తుపానుకి పనికిరాదు. వరద భద్రాచలం నుంచి కబురు పంపి వస్తుంది, సర్దుకోవడానికి ఇంచుమించు ఒక రోజు దొరుకుతుంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను అంత టైము ఇవ్వలేదు. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం లాంటి ఊళ్ళ నుంచి వేటకెళ్ళినవాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. అదీగాక కాలం తప్పుతోంది. పెద్ద వరదంటే ఆగస్టే అనుకునేవాళ్ళం, 2022లో జూలై నెల సగం గడిచేసరికే 25 లక్షల క్యూసెక్కులు దాటింది, భద్రాచలంలో 71 అడుగులు చూశాం. సార్వా నారుమళ్ళు అలాగే నీళ్ళలో ఉండిపోయాయి. 86 వరద గుర్తున్న పెద్దలు చేయగలిగిన గొప్ప ఉపకారం ఒకటుంది. గ్రామసభకొచ్చి, నీళ్ళు ఏ గుమ్మం దాకా వచ్చాయో చూపించి గుర్తు పెట్టించడం.

డబ్బు లేదన్నది సగం నిజం, ఆ సగాన్ని నేను కాదనను. 2026 మార్చి దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేశారు, మిగిలిన 40 శాతమే ఊరి ఇష్టానికి వదిలారు. ఆ నిధుల్ని కరెంటు బకాయిలకి సర్దేశారని సర్పంచులు ధర్నాలు చేసిన రోజులూ ఉన్నాయి. ఖాతా ఖాళీ అయ్యాక సర్పంచిని పట్టుకుని దులిపితే ఏం లాభం? కానీ ఒక్కమాట. వరదొస్తే లంకల్లో ముందు కరువొచ్చేది తాగేనీటికే. చుట్టూ నడుంలోతు నీళ్ళుంటాయి, బిందెలోకి చుక్క ఉండదు. చేతిపంపు మునిగిపోతుంది, ట్యాంకుకెక్కించే మోటారు స్టార్టరు బోర్డు మునిగి కాలిపోతుంది. 2022 నీటిమట్టం కన్నా ఎత్తులో పంపుకి దిమ్మ కట్టడం, స్టార్టరు బోర్డుని గోడ మీద పైకి జరపడం అలా తాగునీటికి కట్టేసిన వాటాలోకే వస్తాయి. ఇందుకు వేరే విపత్తు నిధి అక్కర్లేదు.

మేజర్ డ్రెయిన్లు, అంటే పెద్ద మురుగు కాలువల పూడిక పంచాయతీ తీయలేదు, అది డ్రైనేజీ శాఖ పని. అలాగని చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం అన్నప్పుడు చెప్పిన కారణాల్లో ముంపునీరు దిగకపోవడమూ ఒకటి. శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు పోటు లోపలికి ఎక్కి కొబ్బరిచెట్లు తలలు వాల్చేస్తే, 2025లో ఉపముఖ్యమంత్రి వచ్చి చూసేదాకా వెళ్ళింది వ్యవహారం. ఏ ఊళ్ళో ఎన్ని చెట్లు పోయాయి, ఉప్పునీరు ఏ బోదె దాకా వచ్చింది అని పంచాయతీ తీర్మానంలో రాసి ఉంటే పై ఆఫీసులో కాదనడం కష్టం. ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫొటోని కాదనడం చాలా తేలిక.

ఇక ఫోన్ మెసేజ్. అసలు గొడవంతా ఇక్కడే.

మెసేజ్ రావడం మంచిదే, దాన్ని తక్కువ చేయను. 96లో ఆ మాత్రం దిక్కు కూడా లేదు. కానీ మెసేజ్ వచ్చింది కాబట్టి కబురు అందింది అనుకోవడం దగ్గరే తప్పటడుగు పడుతోంది. తుపాను తీరం దాటేముందు కరెంటు తీసేస్తారు, తీయాలి కూడా. తర్వాత ఫోన్ ఛార్జింగు, టవరు బ్యాటరీ ఒకదాని వెనక ఒకటి అయిపోతాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటుతున్నప్పుడు ఈ టెన్షన్ ఏమిటో తీరం ఊళ్ళ వాళ్ళకి చెప్పక్కర్లేదు. పోనీ అన్నీ పనిచేస్తున్నాయనే అనుకుందాం. కువైట్లో ఉన్న కూతురు కొనిచ్చిన ఫోను పట్టుకున్న అమ్మమ్మకి పచ్చ బొత్తాం నొక్కి మాట్లాడడం వచ్చు, మెసేజ్ తెరవడం రాదు. తెరిచినా చదవలేనివాళ్ళు మనలో తక్కువేం కాదు.

సరే, చదివారు. ఏముంటుంది అందులో? కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 13.75 అడుగులు, రెండో ప్రమాద హెచ్చరిక జారీ, లోతట్టు ప్రాంతాల వారు అప్రమత్తంగా ఉండాలి. అంతా శుభ్రమైన తెలుగే. అయినా బూరుగులంకలో గేదెలున్న మనిషికి ఇందులో అక్కరకొచ్చే ముక్క ఒక్కటీ లేదు. మా కాజ్‌వే ఎప్పుడు మునుగుతుంది? గేదెల్ని ఈ రాత్రికే గట్టెక్కించాలా, పొద్దున్నదాకా ఆగొచ్చా? పడవ ఏ రేవులో పెడతారు? గంటిపెదపూడి దగ్గర గట్టు తెగి నాలుగు లంకల వాళ్ళు పడవ మీద ఆధారపడడం ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం, వాళ్ళకి కావాల్సింది క్యూసెక్కులు కాదు.

నంబర్ల తికమక ఇంకో తలనొప్పి. ధవళేశ్వరంలో హెచ్చరికలు మూడే: 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంటే మూడోది పడిందంటే ఇంక సర్దుకోవడాలు లేవు, కదలాలి. కాకినాడ పోర్టులో ఎగరేసే నంబర్లు వేరు. అవి ఓడల కోసం పెట్టినవి, 11 దాకా ఉంటాయి, అక్కడ మూడో నంబరంటే జాగ్రత్త చెప్పడం లాంటిదే. టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో రెండూ పక్కపక్కనే వస్తాయి. పోర్టు మూడుకి హడలిపోయి ఏమీ కాలేదని తేలిగ్గా తీసుకున్న మనిషి, ఏటి మూడుకి కూడా మంచం దిగడు. దీన్ని సరిచేయాల్సింది విజయవాడ ఆఫీసు కాదు, ఊరే. ఏ హెచ్చరికకి నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో రేవు దగ్గర కరెంటు స్తంభానికి మూడు రంగుల పట్టీలు వేయించొచ్చు. రెండో హెచ్చరిక పడింది, పచ్చ పట్టీ దాకా నీళ్ళొస్తాయి, చీకటి పడేలోపు గొడ్లని గట్టెక్కించండి, పడవ రామాలయం రేవులో ఉంది, మందుబిళ్ళలూ రేషన్‌కార్డూ కవర్లో కట్టుకోండి అని మైకులో చెబితే అర్థం కానివాళ్ళుండరు. ఎగతాళి చేస్తున్న ఆ టముకు చేసేది ఇదే. పైగా ఎదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్పే హెచ్చరిక అదొక్కటే.

మిగిలింది బయటివాళ్ళ సంగతి. అందరికీ తెలుగులో వస్తోందన్న మాటకి ఇక్కడే అసలు గండి. రొయ్యల చెరువుల గట్ల మీద రేకుల పాకల్లో కాపలా ఉండేవాళ్ళు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్య తల తీసేవాళ్ళు, ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్ళు — ఒడియా, బెంగాలీ, హిందీ మాట్లాడేవాళ్ళు వీళ్ళలో బోలెడుమంది. ఇక్కడి టవరు మీద పడే మెసేజ్ చాలావరకు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. చెరువులేమో సముద్రానికి దగ్గరలో ఉంటాయి, ఉప్పెనొస్తే ముందు తగిలేది ఆ పాకలకే. కంట్రాక్టరు చూసుకోవాలన్నది నిజమే. కానీ అతను రాజమండ్రిలోనో భీమవరంలోనో ఉంటాడు, ఆ రాత్రి గట్టు మీద ఉండడు. సహాయం ఇవ్వడంలో లింగం, కులం, మతం, వర్గం చూడకూడదని విపత్తు చట్టం 61వ సెక్షన్ చెప్పింది. భాష మాట అందులో లేదు, ఒప్పుకుంటాను. మరి హెచ్చరిక అర్థంకాక ఆ మనిషి షెల్టరుకే రాకపోతే, అక్కడ అన్నం అందరికీ సమానంగా పెట్టి ఏం లాభం?

ఈ మర్యాద మనకేం కొత్త కాదు. పక్కనున్న యానాన్నే చూడండి. పెత్తనం పుదుచ్చేరిది, అక్కడ తమిళం. అయినా యానాంలో తెలుగు వాడొచ్చని 1965 నాటి అధికార భాషా చట్టంలోనే రాసుకున్నారు. మన భాష దగ్గరికొచ్చేసరికి మనం కోరుకున్నదే, ఇప్పుడు మన చెరువు గట్టు మీదివాడికి కావాలి.

దీనికి అనువాదకుల్ని పెట్టమని ఎవరూ అడగడం లేదు. ప్రతి ప్లాంటులోనూ తెలుగు, ఒడియా రెండూ వచ్చిన మేస్త్రి ఒకడుంటాడు. జూన్ రాకముందే అతన్ని పంచాయతీ ఆఫీసుకి పిలిచి, టీ ఇప్పించి, మూడు హెచ్చరికలకీ మూడు చిన్న మాటలు అతని గొంతుతో ఫోన్‌లో రికార్డు చేయించాలి. షెల్టరు ఎక్కడుందో, ఏ దారిన రావాలో అందులో ఉండాలి. హిందీకి, బెంగాలీకి కూడా ఇలాగే ఎవరో ఒకరు దొరుకుతారు. అవసరం పడిన రాత్రి ఆటోకి మైకు కట్టి చెరువుల వైపు తిప్పితే సరి. పంచాయతీకయ్యే ఖర్చు ఆటో కిరాయి, ఆ టీ డబ్బులు.