మాస్టారి నాటకం ఎవరి దగ్గరుంది?

ఉగాది అయిపోయి నెల దాటింది కానీ, మన తెలుగు సంఘం కల్చరల్ కమిటీ మీటింగులో విన్న ఒక మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. ఇరవయ్యో వార్షికోత్సవం కదా, మొదటి ఏడాది మాస్టారు రాసి మనచేత ఆడించిన నాటిక మళ్ళీ వేద్దామని అడిగాను. స్క్రిప్ట్ ఎవరి దగ్గరా లేదు. "అవన్నీ ఎవరు దాస్తారండీ? డాన్సుల వీడియోలున్నాయిగా, అవి వేద్దాం" అన్నారొకరు. చెడుగా అన్న మాట కాదది. కానీ మాస్టారు పోయి మూడేళ్ళే అయింది.

ఆ శనివారం అమ్మని ఇక్కడ ఇంగ్లండ్‌లో షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్ తీసుకెళ్ళాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా పులిహోర డబ్బాలో సర్దుకుని అక్కడి ఏవన్ నది ఒడ్డుకి బయల్దేరడం మనందరికీ అలవాటేగా. హెన్లీ స్ట్రీట్‌లో షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు చూపించాను. తండ్రి చేతి తొడుగులు కుట్టేవాడని, ఈయన యూనివర్సిటీ గడప తొక్కలేదని, 18 ఏళ్ళకే తనకన్నా ఎనిమిదేళ్ళు పెద్దదైన యాన్ హాథవేని పెళ్ళాడాడని చెప్తూ వచ్చాను. ఒక్కగానొక్క కొడుకు హామ్నెట్ 1596లో, పదకొండేళ్ళకే పోయాడని చెప్పేసరికి అమ్మ కాసేపు మాట్లాడలేదు.

షేక్‌స్పియర్ తన వీలునామాలో భార్యకని విడిగా రాసింది 'రెండో మంచి మంచం' ఒక్కటే అని లోకమంతా ఆశ్చర్యపోతుంది. అమ్మ మాత్రం, "అందులో వింతేముందిరా? మనింట్లో పందిరిమంచం అల్లుడొస్తేనే కదా వేసేవాళ్ళం! మీ నాన్నా నేనూ పడుకుంది నవారు మంచం మీదే" అంది. చాలామంది పరిశోధకులు చెప్పేదీ అదే. మేలైన మంచం చుట్టాలకి, రెండోది ఆలుమగలది.

నన్ను కదిలించింది అదే వీలునామాలో ఇంకో వాక్యం. తనతో పాటు వేషాలు వేసిన బర్బేజ్, హెమింగ్స్, కాండెల్ అనే ముగ్గురికీ ఉంగరాలు కొనుక్కోమని తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు రాశాడు. 1616లో ఆయన పోయాడు, మూడేళ్ళకి బర్బేజూ పోయాడు. మిగిలిన ఇద్దరూ కూర్చుని, ఆయన నాటకాలు 36 పోగుచేసి 1623లో 'ఫోలియో' అనే పెద్ద సైజు పుస్తకంగా అచ్చువేయించారు. లాభం కోసమో పేరు కోసమో కాదు, మా స్నేహితుడి జ్ఞాపకం బతికుండాలని చేశామని ముందుమాటలో రాసుకున్నారు. వాటిలో 18 నాటకాలు అంతకుముందు అచ్చే కాలేదు. మాక్‌బెత్, టెంపెస్ట్, జూలియస్ సీజర్, కామెడీ ఆఫ్ ఎర్రర్స్ ఆ పద్దెనిమిదిలోవే. జూలియస్ సీజర్‌కి తెలుగైన వావిలాల వాసుదేవశాస్త్రి గారి 'సీజరు చరిత్రము', కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌కి తెలుగైన కందుకూరి వారి 'చమత్కార రత్నావళి' మన భాషకి దక్కాయంటే ఆ ఇద్దరు నటుల పుణ్యమే. ఆ 36లో ఒక్కదానికీ షేక్‌స్పియర్ చేతిరాత ప్రతి మిగల్లేదు. రాసినవాడి కాగితాలు పోయినా, తోటివాళ్ళు శ్రద్ధగా దాచినవి నిలబడ్డాయి.

మనకి ఆ శ్రద్ధ తక్కువ. మా తాతయ్య పద్యాల నోటుబుక్కు పాత పేపర్లతో కలిపి తూకానికేశాం. ఆ పని చేసింది నేనే, ఇంటర్ సెలవుల్లో. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అందుకే కమిటీ వాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు పెద్దగా లేదు. హాల్ తొమ్మిదింటికి ఖాళీ చెయ్యాలి, పిల్లల డాన్సులుంటేనే తల్లిదండ్రులొస్తారు, ఆ టెన్షన్ నాకూ తెలుసు. డాన్సులు వద్దనను. కానీ మన గడ్డ కాని చోట, మన పిల్లలు నోరారా తెలుగు మాట్లాడాల్సివచ్చేది నాటకంలోనే. పాటకి పెదవులు కదిపితే ఆ తెలుగు రాదు.

స్ట్రాట్‌ఫర్డ్ నుంచి వచ్చిన రాత్రే లాఫ్ట్ ఎక్కి వెతికాను. నా పోర్షన్ దొరికింది, నాలుగు కాగితాలు. ఊపిరి తీసుకోవాల్సిన ప్రతిచోటా మాస్టారు పెన్సిల్‌తో చిన్న గీత పెట్టారు. ఒకచోట గీత పక్కన 'తొందరపడకు' అని ఉంది. నా ప్రతి డైలాగుకి ముందు అవతలివాళ్ళ చివరి రెండు మాటలు మాత్రం రాసి ఉన్నాయి, అందుకోవడానికి. షేక్‌స్పియర్ కాలంలోనూ నటులకి నాటకమంతా ఇచ్చేవారు కాదట. ఎవరి పాత్ర వాళ్ళకి, ముందు పలికే రెండు మూడు మాటలతో కలిపి, చుట్టలా చుట్టిన కాగితంలో ఇచ్చేవారు.

అంటే మాస్టారి నాటకం పోలేదు, ముక్కలుగా మన ఇళ్ళలోనే ఉంది. అప్పుడు వేషాలు వేసింది ఏడుగురం. దయచేసి మీ లాఫ్ట్‌లూ గరాజ్‌లూ పాత ఫైళ్ళూ ఒక్కసారి వెతకండి. చిరిగినా, సగమే ఉన్నా ఫొటో తీసి పంపండి. నా నాలుగు కాగితాలూ టైప్ చేసి పెట్టాను. రెండో రంగంలో నా మొదటి డైలాగు పైన 'తాళం ఎక్కడ?' అని ఉంది. ఆ మాట అనేది మామగారు. ఆ వేషం వేసినవారి పోర్షన్ దొరికితే ఆ రంగం పూర్తవుతుంది.