సవరణ: జిడ్డు పరీక్ష మన ల్యాబుల్లో లేదు

చర్మపు జిడ్డుతో పార్కిన్సన్స్ (వణుకుడు) జబ్బును పసిగట్టవచ్చన్న నా మునుపటి పోస్టు చూసి, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఏ ల్యాబులో చేస్తారని అడుగుతున్నారు. ఇక్కడ ఎవరూ చేయరు. అది మాంచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధన. భర్తకు జబ్బు బయటపడడానికి ఏళ్ల ముందే ఆయన ఒంటి వాసన మారిందని కనిపెట్టిన జాయ్ మిల్న్ ముక్కు దానికి మూలం (ఆ ముక్కుకు దండం పెట్టాలి).

ఆ పోస్టులో నేను రాసిన ‘నుదుటి చెమట’ అన్న మాట తీసేశాను. దూదితో తుడిచేది వీపు పైభాగాన్ని. కావలసింది సీబమ్ అనే జిడ్డు. 2022లో వెలువడిన అధ్యయనంలో ఆ జిడ్డును కాగితం మీదికి ఎక్కించి, 79 మంది రోగుల నమూనాలను 71 మంది ఆరోగ్యవంతుల వాటితో, అణువులను బరువును బట్టి గుర్తించే యంత్రమైన మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పోల్చారు. కొవ్వు అణువుల్లో తేడా కనిపించింది. అంతవరకే. చేతులు వణుకుతున్నవారు, నడక మందగించినవారు ఈ పరీక్ష కోసం ఆగకుండా న్యూరాలజిస్టుకు చూపించుకోండి.