దాచేవాళ్లే దాచొద్దంటారా?

‘మనసులో దాచుకోవద్దు, నోరువిప్పి చెప్పండి’- కుంగుబాటుపై ఏ అవగాహన సదస్సులోనైనా మొదట వినిపించే మాట ఇదే. మంచి మాటే. మరి ఆ జబ్బుకు మందులు పరీక్షించేవారు చేస్తున్నదేమిటి? నచ్చిన ఫలితాన్ని వైద్యపత్రికకెక్కించి, నచ్చనిదాన్ని సొరుగులో పెట్టి తాళమేయడం!

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వద్ద నమోదైన 74 పరీక్షల గుట్టు 2008లోనే రట్టయింది. పరీక్షించినవి 12 మందులు. అనుకూల ఫలితం వచ్చిన 38 పరీక్షల్లో ఒక్కటి తప్ప అన్నీ అచ్చయ్యాయి. మిగిలిన 36లో 22 వెలుగే చూడలేదు. మరో 11 ఓటమికి గెలుపు రంగు పూసుకుని వచ్చాయి. ఉన్నదున్నట్లు ఒప్పుకొన్నవి మూడంటే మూడు! పత్రికలనే నమ్ముకున్న డాక్టరుకు నూటికి 94 పరీక్షలు నెగ్గినట్లు కనిపించాయి. ఎఫ్‌డీఏ లెక్కలో నెగ్గినవి సగం.

పిల్లల విషయంలోనూ అదే దాపరికం. కౌమార వయసువారికి పారోక్సెటిన్ అనే కుంగుబాటు మందు బాగా పనిచేస్తుందని, ఇబ్బందేమీ లేదని 2001లో ఒక పత్రం ప్రకటించింది. 2015లో మూల దస్త్రాలు తిరగేస్తే, పోలిక కోసం ఇచ్చే మందులేని ఉత్తుత్తి మాత్రకన్నా అది మెరుగేం కాదని, పైగా హాని ఎక్కువని తేలింది. ఆత్మహత్యా ధోరణుల్ని ‘భావోద్వేగ అస్థిరత’ అనే ముసుగు పేరు కింద రాసుకున్నారు. ఇది పొరపాటా? ఒక పిల్లవాడి ప్రాణగండానికి అంత మెత్తని పేరు వెతికిన కలం ఏమరుపాటున కదిలిందంటే నమ్మలేం.

ఇదంతా మందుల కంపెనీలదే పాపమనుకోవద్దు. ప్రజాధనంతో 4,041 మంది కుంగుబాటు రోగులపై జరిగిన ‘స్టార్-డి’ అధ్యయనం నాలుగు దఫాల చికిత్సతో 67 శాతం కోలుకుంటారని 2006లో చాటింది. ముందే రాసుకున్న నిబంధనల ప్రకారం మళ్లీ లెక్కగట్టినవారికి 2023లో వచ్చింది 35 శాతమే. ఈ కొత్త లెక్క తప్పని తొలి అధ్యయనకర్తలంటున్నారు. కానీ, డాక్టర్లు ఇన్నేళ్లూ రోగులకు చెప్పిన ధైర్యం ఏ లెక్క మీద నిలబడినట్లు?

ఇవన్నీ బయటపెడితే రోగులు మందులు మానేస్తారన్నది పెద్దల భయం. డాక్టరును అడగకుండా మానడం ప్రమాదమే, కాదనం. 522 పరీక్షలను కలిపి చూసి, 21 మందులూ ఉత్తుత్తి మాత్రకన్నా మేలేనని 2018లో తేల్చిన మాటా నిజమే. అయితే అచ్చుకానివాటినీ తవ్వితీసి కలిపారు కాబట్టే ఆ మాటకు విలువ! దాచినందువల్ల నమ్మకం నిలిచిన దాఖలా ఒక్కటి చూపండి.

నిజం చెబితే కొంపలేం మునగవు. కుంగుబాటు నివారణకని బ్రిటన్‌లో 85 బడుల్లో మైండ్‌ఫుల్‌నెస్ (మనసును ప్రస్తుత క్షణంపై నిలిపే సాధన) పాఠాలు చెప్పి చూశారు. మామూలు పాఠాలకన్నా ఒరిగిందేమీ లేదని 2022లో నిక్కచ్చిగా ప్రకటించారు. ఎవరి పరువూ పోలేదు.

పరీక్ష మొదలుకాకముందే నమోదు చేస్తేనే అచ్చువేస్తామని ప్రముఖ వైద్యపత్రికలు 2005 నుంచి షరతు పెట్టాయి. నమోదు చేసి ఫలితం మింగేస్తే ఆ షరతు ఎందుకు? నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, చావాలనిపిస్తోందా అని ముక్కూమొహం తెలియనివారు అడిగితే రోగి తలొంచుకుని జవాబు చెప్పాడు. వెలుగుచూడని ఆ 22 పరీక్షల్లో అలా చెప్పినవారు మూడు వేలమందికి పైగా ఉన్నారు. ఆ జవాబులు మీ సొంత ఆస్తి కావు. సదస్సు వేదికలెక్కి రోగికి ‘దాచుకోవద్దు’ అని శ్రీరంగనీతులు చెప్పేముందు, మీ సొరుగు తాళాలు బయటికి తీయండి.